టొమాటో వరసకు టాకా

ఆమె చెయ్యి వణుకుతోందని మొట్టమొదట అన్నవాడు ఆమె మరిది. అప్పటికి ఆ చెయ్యి వణకలేదు.

బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డులో ఆమె కటింగ్ బల్ల దగ్గర పనిచేసేది. షెడ్డంతా ఆమెను మాస్టరమ్మ అనేవారు. మరిదిని అక్కడికి తీసుకెళ్ళి కాజాలు కుట్టే మూలన కూర్చోబెట్టింది ఆమే. తరువాత సుద్దముక్క చేతికిచ్చి గీత గీయడం నేర్పిందీ ఆమే. ఆమె పెళ్ళై వచ్చేనాటికి వాడు నిక్కరు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని తిరిగే చిన్నోడు. ఇప్పటికీ ఆమెకు చిన్నోడే. ఆ నిక్కరుకు నాడా ఎక్కించిన చేతి గురించి వాడు ఓనరు గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, "మా వదినకి చెయ్యి వణుకుతోందండీ. ఇంటి మనిషిని కాబట్టి నాకు కనిపిస్తోంది. రేపు తానుకి తాను పాడైతే మీకు నష్టం, ఆవిడకి మాట," అన్నాడు. ఎంత మర్యాదగా చెప్పాడో చూడండి. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అనే మాట దర్జీల ఇళ్ళలోనే పుట్టి ఉంటుంది.

ఓనరు ఆమెను గదిలోకి పిలిచి, ఎన్నడూ లేనిది కప్పూ సాసరూ పెట్టి టీ ఇప్పించాడు. ఆమె మురిసిపోయింది. ఆయన మాత్రం ఆమె మొహం చూడలేదు, సాసరు చూశాడు. నిండు కప్పు ఎవరి చేతిలోనైనా కాస్త చప్పుడు చేస్తుంది. ఆమె చేతిలోనూ చేసింది. మర్నాడు కటింగ్ బల్ల ముందు మరిది నిలబడి ఉన్నాడు. చెయ్యి వణుకుతోందని మీ మరిదే చెప్పాడంటూ ఆమెను బొత్తాలు కుట్టే మూలకు వెళ్ళమన్నారు. బల్ల షెడ్డుది గాని కత్తెర ఆమెది. దాన్ని గుడ్డలో చుట్టుకుని ఇంటికి వచ్చేసింది. కుట్టుమిషను మూత కింద పెట్టింది. మళ్ళీ తీయలేదు.

అబద్ధం ఆడినవాడి దగ్గరే ఉండిపోతే ఎవరికీ బాధ లేదు. అది పడ్డవాళ్ళ ఇంటికి వచ్చి కాపురం పెడుతుంది. ఆమె నీళ్ళు వంచుకుంటూ చేతిని చూసుకునేది. తాళం తీస్తూ చూసుకునేది. సూదిలో దారం ఎక్కించాల్సి వస్తే ఎవరూ లేనప్పుడు ఎక్కించేది. చూసీ చూసీ, ఒకరోజు నిజంగానే వేళ్ళ చివర ఏదో చిన్నగా అదిరినట్టు అనిపించింది. భర్తకు కూడా చెప్పలేదు.

భర్త నీళ్ళ మోటార్లు బాగుచేసేవాడు. ఒక పక్క పెళ్ళాం, ఒక పక్క తోడబుట్టినవాడు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడు గాని తమ్ముణ్ణి నిలదీసింది లేదు. "వాడికి నేను చెబుతాలే" అనేవాడు. ఆ చెప్పే రోజు రాలేదు. ఆ తప్పు కప్పుకోవడానికో ఏమో, ఒకరోజు మోటారు బాగుచేయించుకున్న నర్సరీవాళ్ళు ఇచ్చారంటూ ఒక ట్రేనిండా టొమాటో నారు తెచ్చి పెరటి గుమ్మంలో పెట్టాడు.

"ఇవి నాకెందుకండీ?"

"నీకు కాదు, పెరడుకి. ఊరికే పడి ఉంది కదా."

"నేనూ ఊరికే పడి ఉన్నాననేగా."

"నేనట్లా అన్నానా? నేనేమన్నా నీకు రెండో వైపే కనిపిస్తుంది."

"దర్జీదాన్ని. గుడ్డని తిరగేసి చూడకుండా కొనను."

పెరడంటే పెద్దదేమీ కాదు. వెనక తలుపుకీ ప్రహరీగోడకీ మధ్య, తాను విప్పి పరిచినంత పొడవున్న నేలపట్టీ. ఆమె అక్కడ సుద్దతో గీసినట్టు పుల్లతో తిన్నగా గీత గీసి, జానెడు జానెడున్నర చొప్పున కాదు, మూరకొకటి చొప్పున నారు నాటింది. ఇరుకైతే గాలాడదని నర్సరీవాళ్ళు చెప్పారట.

మొక్కలు నాటుకున్న రోజు నుంచీ ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతున్నట్టయింది. ఆమె మొహం కూడా కడుక్కోకుండా పెరట్లోకి పరుగెత్తేది. "ఏమండీ, రెండో తరగతికి వచ్చాయి!" అని కేక. యూనిఫాంలు కత్తిరించినామెకు మొక్క ఎత్తు అంగుళాల్లో తెలియదు, తరగతుల్లో తెలుస్తుంది. భర్త పళ్ళు తోముకుంటూ వచ్చి, "మార్కులెట్లా ఉన్నాయి?" అనేవాడు.

మేడమీద వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. రోజంతా పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కింద పెరట్లోకి చూస్తూ ఉండటమే ఆవిడ ఉద్యోగం. ఆవిడా రంగంలోకి దిగింది. "మాస్టరమ్మా, చంక పిలకలు గిల్లెయ్యి. కొమ్మకీ కాండానికీ మధ్య చంకలో మొలుస్తాయే, అవి. లేకపోతే ఆకు మిగులుతుంది, కాయ మిగలదు."

"కత్తిరిస్తే పోలా?" అన్నాడు భర్త, ఏమీ ఎరగనట్టు.

"గోళ్ళున్నాయి," అంది ఆమె. గోటితోనే గిల్లింది. కట్లు కట్టడానికి పాత గుడ్డల అంచులు పంటితో చింపింది. ఇంట్లో కత్తెర ఉన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇక ఊతకర్రల దగ్గర ఆమె చేసిన పొరపాటు మరొకరు చేయలేరు. మొక్కకు దన్నుగా కర్ర పాతాలని ఎవరికైనా తెలుసు. ఆమె భర్త చేత వెదురు తెప్పించింది. మొక్కలు అప్పటికి మూడో తరగతి. పెరిగేవాటికి కొంచెం ఎక్కువ పెట్టాలి కదా అని అయిదో తరగతి కొలత పెట్టి అన్ని కర్రలూ ఒకే పొడవు కోయించింది. యూనిఫాం అంటే అన్నీ ఒకటే. వేళ్ళు దెబ్బతినకుండా కాస్త ఎడంగా పాతి, ఒక్కొక్క కాండాన్నీ మెడపట్టీ కుదిర్చినట్టు చక్కగా, బిగువుగా కట్టింది. అన్నీ ఒకే ఎత్తున, ఒకే బిగువున నిలబడితే బళ్ళో ప్రార్థనకు వరసకట్టిన పిల్లల్లా ఉన్నాయి. చూసి చూసి పొంగిపోయింది.

అవి అయిదో తరగతిలో ఆగే రకం కాదు. నర్సరీవాళ్ళు ఇచ్చింది తీగసాగే రకం. ఎంత దన్నిస్తే అంత పైకి పోతుంది. కాయలు పడే సరికి మొక్కలు ఆమె తలను దాటాయి. కర్రలేమో నడుం దగ్గరే ఆగిపోయాయి. పైభాగమంతా కాయల గుత్తుల బరువుతో ఈ పక్కకీ ఆ పక్కకీ వాలింది.

"కాలేజీ పిల్లలకి నిక్కర్లు తొడిగావు గదే తల్లీ," అంది మేడమీదావిడ.

ఆమెకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఎదిగే పిల్లల బట్టకు లోపల మడత వదలాలి, విప్పితే రెండేళ్ళు రావాలి అని షెడ్డులో అందరికీ నూరిపోసింది ఆమే. లూజు పెట్టండి, లూజు పెట్టండి అని ఆమె అరిచే అరుపులకు కుర్రకారు వెనక నుంచి ఆమెనే లూజు అనేవారు. అలాంటిది తన చేతిమీద కాయబోయే మొదటి కాయలకు తనే మడత వదలడం మరిచిపోయింది. మర్నాడు పొడుగు వెదురు తెస్తానన్నాడు భర్త. ఆ మర్నాడు ఇంకా రాలేదు.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం ఉక్క పోస్తోంది. ఆకు కదలడం లేదు. కాయలు తెలుపు తిరిగాయి, ఇంకో వారం ఆగితే ఎరుపు. అటువంటి మధ్యాహ్నం పూట మరిది గుమ్మంలోకి వచ్చాడు. ఆ గొడవ తరువాత ఈ గడప తొక్కడం ఇదే. చంకలో ఒక మూట.

"వదినా, బాగున్నావా?"

"కనిపిస్తున్నానుగా. కూర్చో."

పెరటి మెట్టు మీద కూర్చున్నాడు. అన్న ఒకసారి వాడి వైపు చూసి, పక్కనున్న మోటారు మూత విప్పి లోపల తల దూర్చాడు. మరిది మూట విప్పాడు. అందులో చొక్కాలు. ఒకదానికి చంక చిరిగింది. ఒకదానికి వీపు పగిలింది. ఒకదానికి బొత్తాం ఉన్నచోట చిల్లు ఉంది.

ఆమె ఒక చొక్కా తిరగేసి లోపలి కుట్టు చూసింది. మడత లేదు. గోరంత కూడా లేదు. పిల్లాడు చెయ్యెత్తి జవాబు చెప్పాలంటే చొక్కా చిరగాల్సిందే.

"గుడ్డ కలిసొస్తుందని ఓనరు సంతోషించాడు వదినా, మొదట్లో." వాడు నేల చూస్తున్నాడు. "ఇప్పుడు ఆర్డరంతా వెనక్కి వచ్చింది. బళ్ళు తెరిచేలోగా మళ్ళీ కత్తిరించాలి. నిన్ను తీసుకురమ్మన్నాడు."

"ఓనరు తీసుకురమ్మన్నాడు. నువ్వు?"

"నేనూ... నేనూ అదే."

"నా చెయ్యి?"

మోటారులో దూరిన తల కదలలేదు గాని స్పానరు చప్పుడు ఆగింది. మరిది చొక్కా మడతలు సరిచేస్తున్నాడు. ఆమెకు వాడి మీద కోపం రావాలి. రాలేదు. భయం వేసింది. ఎందుకంటే వాడికి తెలియని సంగతి ఒకటి ఆమెకు తెలుసు. వాడు కల్పించి చెప్పింది ఇప్పుడు ఆమె చేతిలో నిజంగా ఉంది. బల్ల ముందు నిలబడి, పొరలు పొరలుగా పేర్చిన గుడ్డ మీద కత్తెర పెట్టాక అది బయటపడితే? ఇన్నాళ్ళూ వీడు అబద్ధాలకోరు అన్న ఒక్క ధైర్యం ఉంది. అదీ పోతుంది.

రాను అనేద్దామని నోరు తెరిచింది.

పైనుంచి మేడమీదావిడ గొంతు విరుచుకుపడింది. "మాస్టరమ్మా, పడమర చూడు, పడమర!"

గోడ మీదుగా ఆకాశం ఇనపరంగు తిరిగి ఉంది. వీధి చివర రేకుల షెడ్డు దబదబ కొట్టుకుంటోంది. ఎవరి ఇంటి తలుపో ధనామని పడింది. ఆ వెంటనే దుమ్ము లేచింది. టొమాటో వరస ఒక్కసారిగా అటు ఒరిగి, మళ్ళీ ఇటు ఒరిగింది. ఒక గుత్తి నేలను తాకింది.

"ఏమండీ, కర్రలు!"

"ఇప్పుడెక్కడి కర్రలే?"

"చీపురు కర్ర, గొడుగు, కర్టెన్ కడ్డీ, ఏదైనా సరే!"

భర్త లోపలికి పరుగెత్తి నిజంగానే కర్టెన్ కడ్డీ తెచ్చాడు. కర్టెన్ కూడా దానికే ఉంది. ఆమె దాన్ని ఒక మొక్క పక్కన గుచ్చబోయి ఆగింది. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క కర్ర పాతి, ఒక్కొక్క కట్టు కట్టుకుంటూ పోతే మూడోదాని దగ్గరికి చేరేలోగా మిగిలినవన్నీ నేలపాలు. పెరట్లో మొక్కలు లేవు, ఒక వరస ఉంది. వరస చూడగానే చేతికి తెలిసిపోయింది. గుడ్డ జారిపోతుంటే మొదట ఏం చేస్తాం? అసలు కుట్టు తరువాత. ముందు పొడుగ్గా, వదులుగా, ఒకే దారంతో ఈ చివర నుంచి ఆ చివర దాకా టాకా వేసేస్తాం.

"టాకా," అంది.

"ఏమిటీ?"

"టాకా వేద్దాం. మీ మోటారు పైపులు తీయండి. ఈ చివరొకటి, ఆ చివరొకటి, నడుమొకటి. చిన్నోడా, లే. ఆ మూట అవతల పారెయ్. పైపు పట్టుకో."

వాడు లేచాడు. చిన్నప్పటి నుంచీ ఆ గొంతుకు లేచి అలవాటు. అన్న సుత్తి ఎత్తాడు. తమ్ముడు పైపు నిలబెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు.

"అన్నయ్యా, చూసి కొట్టు. నా చెయ్యి ఉంది."

"నీ చేతి మీద కొట్టాలనే చాలాకాలంగా చూస్తున్నా. పైపు అడ్డొస్తోంది."

దెబ్బ పైపు మీదే పడింది. చెప్పే రోజు వచ్చిందనుకోవాలి, ఏదో ఒక రూపంలో. మొదటి పైపు దిగింది. పరుగున రెండోది. మూడోదాని దగ్గరికి వెళ్ళే సరికి చినుకులు రాళ్ళలా పడుతున్నాయి.

"తాడు! బట్టలారేసే తాడు విప్పండి!"

విప్పారు. సగం వరసకే వచ్చింది. ఆమె తల పైకెత్తేలోగా మేడమీదావిడ తన తాడు విప్పి కిందికి విసిరింది. క్లిప్పులతో సహా, ఒక మేజోడుతో సహా వచ్చి పడింది. "మేజోడు జాగర్తే, మా ఆయనది. జత ఇక్కడుంది."

ఆమె తాడు చివర పైపుకు ముడేసి బయలుదేరింది. మొదటి మొక్కకు ముందు నుంచి, రెండో మొక్కకు వెనక నుంచి, మూడోదానికి ముందు నుంచి. సూది లేదు, తనే సూది. ఒంగి, ఆకుల్లో దూరి, అవతలకి తేలి, మళ్ళీ దూరి పరుగు. ఆకుల పచ్చి వాసన ముక్కుకెక్కింది. మరిది ఎదురుగా నడుస్తూ ఒక్కొక్క మొక్కనూ లేపి నిలబెట్టాడు. చివరి పైపుకు ఒక చుట్టు చుట్టి వెనక్కి మళ్ళింది. ఇందాక ముందు నుంచి పోయినచోట ఇప్పుడు వెనక నుంచి. రెండు తాళ్ళ మధ్య ప్రతి కాండమూ ఇరుక్కుని, అయినా ఊపిరాడుతూ నిలబడింది.

"బిగించనా వదినా?" అని అరిచాడు మరిది గాలిలో.

"వేలు దూరేంత లూజు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

"సరే, లూజే!"

"దాన్నేనా అంటున్నావు, నన్నా?"

వాడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఒళ్ళంతా తడిసి, చేతులు పసరుతో ఆకుపచ్చగా మారి, గుండె మిషను చక్రంలా తిరుగుతుంటే ఆమె నవ్వింది. షెడ్డు వదిలాక ఇంత హుషారు ఎరగదు.

కింది వరస అయింది. పై వరస వేయాలి. తాడు ఇక్కడ తెంపి మళ్ళీ మొదలెట్టాలి. పంటితో లాగింది. నైలాను తాడు, పన్నైనా ఊడుతుంది గాని అది తెగదు.

"కత్తెర," అంది.

భర్త అలాగే నిలబడ్డాడు. "ఏ కత్తెర?"

"ఇంట్లో ఎన్ని కత్తెరలున్నాయండీ?"

ఆయన లోపలికి వెళ్ళి, మిషను మూత ఎత్తి, గుడ్డ చుట్టతో సహా తెచ్చాడు. పైపు పట్టుకున్న మరిది ముందే ఆమె చుట్ట విప్పింది. కత్తెర చేతిలోకి వచ్చింది. చెయ్యి వణికింది. దాచుకోవడానికి ఏమీ లేదు. కత్తెర రెండు పెదవులూ ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. వాడు చూశాడు. వెంటనే కళ్ళు దించుకున్నాడు.

"చూడు చిన్నోడా. వణుకుతోంది."

"చలి వదినా. తడిశావు కదా."

"చలి కాదు. అప్పుడు లేదు, ఇప్పుడు ఉంది. నీ నోటి చలవ."

వాడు పైపును మాత్రం రెండు చేతులా ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఆమె కత్తెర కింది పెదవిని ఆ పైపుకు ఆనించింది. ఆనించగానే వణుకు ఇనుములోకి దిగిపోయింది. పై పెదవి దించింది. తాడు టక్కున, నిటారుగా తెగింది. బల్ల మీద గుడ్డ కోసేటప్పుడూ అంతే కదా. కింది పెదవి ఎప్పుడూ బల్లకు ఆని ఉంటుంది. గాలిలో గుడ్డ కోసే దర్జీ ఎక్కడైనా ఉన్నాడా? ఇన్నాళ్ళూ ఖాళీ చెయ్యి గాలిలో పెట్టి చూసుకుంది. చేతికి పని ఆనించి చూడలేదు.

"పట్టుకో, పై వరస," అని మళ్ళీ దూరింది.

వాన వచ్చినంత వేగంగానూ పోయింది. నలుగురూ, పైనున్న ఆవిడతో కలిపి, పెరటి వైపు చూశారు. వరస నిలబడి ఉంది. నిటారుగా లేదు, కొంచెం అటూ ఇటూ ఊగి, తాళ్ళ మధ్య మొక్కలు దేనికి కుదిరినట్టు అది సర్దుకుని ఉన్నాయి. కొన్ని కాయలు రాలాయి. ఒక్క మొక్క మాత్రం విరిగింది. అది అన్నిటికంటే చివరిది. మొదట కట్టిన బిగువు కట్టు దగ్గరే, కత్తితో కోసినట్టు విరిగింది. దాని కట్టు మిగతావాటికంటే అందంగా ఉండేది.

"అయిదో తరగతి ఫెయిలు," అన్నాడు భర్త. ఎవరూ నవ్వలేదు. తరువాత అందరూ ఒకేసారి నవ్వారు.

"నా మేజోడు?" అంది పైనుంచి.

మేజోడు మూడో మొక్క మెడలో ఉంది.

మరిది చొక్కాల మూట తడిసి ముద్దయింది. పిండుకుని చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "వదినా, అప్పుడు ఓనరు దగ్గర నేను..." అన్నాడు. అక్కడి దాకా వచ్చింది. కొందరి నోట్లో ఆ మాట పూర్తయ్యేది కాదు. మధ్యలోనే ఇంకో మాటగా మారిపోతుంది. వాడి నోట్లోనూ మారింది. "రేపు షెడ్డు పెందలాడే తెరుస్తారు. వస్తావా? ఆయన నీ చేతి సంగతి అడిగితే ఏం చెప్పమంటావు?"

ఆమె కత్తెర తడి తుడుస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

"వస్తాను. వణుకుతుందనే చెప్పు, నీ మాటంటే ఆయనకు గురి. చెప్పేసి వచ్చి బల్లకి అవతలి వైపు నిలబడు. గుడ్డ కదలకుండా పట్టుకునేవాడు ఒకడు కావాలి నాకు. ఇందాక పైపు బాగానే పట్టుకున్నావు."